చెయ్యి చాపితే అందే తొట్టె

చెట్టంత మనిషి జోసెఫ్. కాలిపోయిన బోరు మోటారు తెచ్చి ముందర పడేస్తే చాలు, విప్పి, తీగ చుట్టి, పొద్దుగూకే లోపల నీళ్ళు పోయించే చేతులు. చిన్నకోడూరు చుట్టుపక్కల పొలం ఎండుతున్న రైతుకు దేవుడి తరువాత గుర్తొచ్చే పేరు అతనిదే. అలాంటివాడు ఆ శుక్రవారం పొద్దున సిద్దిపేటలో ఒక పిల్లల సామాన్ల దుకాణంలో, కుందేలు బొమ్మల దుప్పట్ల మధ్య నిలబడి, ఏడుపు ఆపుకోలేక ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

దుకాణంలో పనిచేసే దీక్షిత మంచి పిల్ల. చూడనట్టే ఉండి, “నీళ్ళు తాగుతరా అన్నా” అని సీసా అందించింది.

అతనికి కావలసింది ఒక తొట్టె. పుట్టి నాలుగు రోజులైన ఆడపిల్లకు. దూలానికి కట్టే ఊయల కాదు, తల్లి మంచానికి ఆనించి పెట్టే పక్కతొట్టె. మూడు వైపులే కటకటాలుండి, నాలుగో వైపు తల్లికి తెరిచి ఉంటుంది. పిల్లది వేరే పడకే, కానీ తల్లి చెయ్యి చాపితే అందుతుంది. రేపు పదింటికి దవాఖానలో డిశ్చార్జి. ఈలోగా అది దొరికితే పిల్ల తన ఇంటికి వస్తుంది. దొరక్కపోతే జగదేవ్‌పూర్‌కు, వదిన ఇంటికి పోతుంది. పోతే మళ్ళీ రాదు.

వింతగా ఉంది కదూ. ఉంటుంది మరి. అతని భార్య స్వర్ణ నాలుగు రోజులుగా నడుం వాల్చలేదు. పెద్దాపరేషన్ కుట్లతో గోడకు ఆనుకుని కూర్చునే ఉంది. పాలిచ్చేటప్పుడు పిల్లను ఒళ్ళోకి తీసుకుంటుంది, అయిపోగానే అత్త కిష్టవ్వ చేతుల్లో పెట్టేస్తుంది. రెప్ప వాలితే తన చెంప తనే కొట్టుకుంటుంది. డాక్టరమ్మ మందలించినా, వార్డంతా బతిమాలినా ఒకటే మాట, నేను నిద్రపోను అని. మూడో రోజు తన అక్క భవాని చెయ్యి పట్టుకుని అందరి ముందూ అనేసింది. “అక్కా, పిల్లను నువ్వు తీస్కపో. డబ్బా పాలు పట్టి నువ్వే పెంచుకో. నా పక్కల ఉంటే గిది గూడ బతకది.”

“గిది గూడ” అనడం ఎందుకంటే, మొదటిది బతకలేదు కాబట్టి.

ఒక నర్సు జాలిపడి సెల్‌ఫోన్‌లో ఈ పక్కతొట్టె బొమ్మ చూపించింది. స్వర్ణ చాలాసేపు చూసి, “గిసొంటిది ఉంటే ఇంటికి తీస్కపోత” అంది. నాలుగు రోజుల్లో ఆమె నోట వచ్చిన మంచి మాట అదొక్కటే. జోసెఫ్ మెట్లు రెండేసి దిగి రోడ్డున పడ్డాడు.

దీక్షిత ఉన్నవి మూడూ చూపించింది. ఒకటి చక్రాలది, ఒకటి మడత పెట్టేది, ఒకటి వలది. “మీ మంచం పరుపుకు సమానం రావాలన్నా. సందున్నా, ఎత్తుపల్లాలున్నా పిల్లకు మంచిది కాదు. మీ పరుపెంత మందం?”

“పరుపు లేదమ్మా. నులక మంచం.”

ఆ పిల్ల చెయ్యి ఆగిపోయింది. “నులక మంచానికి ఇవి రావన్నా. అన్నిట్కంటే కిందికి దించినా ఇవి ఎత్తయితయి. అదిగాక, తల్లి పండుకుంటే నులక దిగుతది గదా.”

ఆ ఒక్క మాటకే అతను గోడవైపు తిరిగింది. ఆమెకేం తెలుసు, ఉన్నమాట చెప్పింది. కానీ దొంగకు తేలు కుట్టినట్టయింది జోసెఫ్‌కు. కుట్టిందని అరవలేడు, అరవకుండా ఉండనూ లేడు. రెండేళ్ళుగా అతని బతుకు అదే. అతను నోరు విప్పడు కాబట్టి ఆ సంగతి మనమే చెప్పుకోవాలి.

ఆ ఇంట్లో బాలింత అంటే నులక మంచమే. కిష్టవ్వ, ఆమె అత్త, ఆడబిడ్డలు అందరూ దాని మీద పడుకుని లేచినవాళ్ళే. కింద పెట్టిన కుంపటి కాక తాళ్ళ సందుల్లోంచి నడుముకు తగలాలి, సాంబ్రాణి పొగ ఒంటికి పట్టాలి. పరుపు మంచానికి ఆ గుణం ఎక్కడిది అంటుంది కిష్టవ్వ. సరే, మంచిదే. కానీ నులక మంచానికి ఒక చాకిరీ ఉంది. మనిషి బరువుకు తాడు రోజురోజుకూ సాగి నడిమధ్య గుంత పడుతుంది. కాళ్ళ వైపు తాడు లాగి బిగిస్తే మళ్ళీ సరి. అయిదు నిమిషాల పని. బలం కావాలి కాబట్టి అది మగవాడి పని.

స్వర్ణ చెప్పింది. మంచం గుంత పడ్డది, పిల్ల నా మీదికి జారుతున్నది, జర బిగియ్యి అని. అది యాసంగి పంట కాలం, ఊళ్ళో రోజుకు నాలుగు మోటార్లు కాలుతున్నాయి. రేపు అన్నాడు జోసెఫ్. మళ్ళీ చెప్పింది. రేపే అన్నాడు. ఈ రేపు అనే మాట ఎన్ని కొంపలు ముంచిందో లెక్క తీస్తే తేలదు. ఊరందరి మోటార్లు బాగుచేసిన మొనగాడికి పెళ్ళాం మంచం తాడు బిగించే తీరిక దొరకలేదు. పంతొమ్మిదో రోజు తెల్లవారేసరికి పిల్ల తల్లి డొక్క కింద, ఆ గుంతలో, చల్లబడి ఉంది.

ఆడవాళ్ళు పిల్లను వాకిట్లోకి తెచ్చుకుని గుండెలు బాదుకుంటున్నారు. గదిలో జోసెఫ్ ఒక్కడే మిగిలాడు. ఎందుకు చేశాడో అతనికే తెలియదు. మంచం కాళ్ళ దగ్గర చతికిలబడి, ముడి విప్పి, కాలు తన్నిపెట్టి, అరచేతులు కోసుకుపోయేలా లాగి తాడు బిగించాడు. అప్పుడైనా బిగిస్తే పోయిన పిల్ల తిరిగి వస్తుందనుకున్నాడేమో పిచ్చివాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. కాసేపటికి చుట్టాలు వచ్చారు, ఆశావర్కరు వచ్చింది. కిష్టవ్వ మంచం మీద చెయ్యి వేసి చూసి, “మంచం డోలు లెక్క గట్టిగున్నది. దానిదేం తప్పు లేదు. తల్లే మొద్దునిద్ర పోయింది” అంది. అందరూ చేతులు వేసి చూశారు. అందరూ తల ఊపారు.

ఆ సాయంత్రం స్వర్ణ అడిగింది. “తాడు బిగించినవా నువ్వు?”

“ఊ” అన్నాడు.

ఎప్పుడని ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. రెండేళ్ళ కాపురం ఆ ఒక్క ఊ మీద నడిచింది. పక్కింటివాళ్ళు తమ పసిపిల్లను స్వర్ణ ఒళ్ళో పెట్టడం మానేశారు. పెళ్ళిళ్ళలో, ఆదివారం చర్చిలో ఆడవాళ్ళు ఆమెను చూసి గుసగుసలాడారు. కిష్టవ్వ చెడ్డది కాదు, కానీ కోపం వచ్చినప్పుడల్లా “మొద్దునిద్ర ముఖమా” అనేది. జోసెఫ్ అన్నం తింటూ వినేవాడు. చెబుదామని ఎన్నోసార్లు నోరు తెరిచాడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని మూసుకున్నాడు. పడితే పడనీ, తన కాళ్ళే కదా. అది అతనికి తోచలేదు, తోచినా చేతకాలేదు.

దీక్షితే దారి చెప్పింది. “మా దగ్గర రాదు గని, బాబా మియా కార్ఖానాకు పోయి అడుగుండ్రి. మన మంచాలను చూసి కొలత పెట్టి చేస్తడు.”

బాబా మియా ముసలి వడ్రంగి. కళ్ళద్దాలకు దారం కట్టి మెడలో వేసుకుంటాడు. ఇటు తెలుగు, అటు ఉర్దూ, రెండూ ఒకే నోట నమిలి మాట్లాడతాడు. జోసెఫ్ చెప్పిందంతా విని, లేచి, మూలనున్న గోనెపట్టా తీశాడు. కింద వేపకర్ర పక్కతొట్టె ఉంది. మూడు వైపులా కటకటాలు, ఒక వైపు ఖాళీ. కాళ్ళకు వరసగా రంధ్రాలు, చీల మార్చి ఎత్తు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ఎక్కడ చెయ్యి పెట్టినా ఒక్క గరుకు లేదు.

“మా కోడలు ఫరీహా కాన్పుకు చేసిన. మనవడు ఇప్పుడు ఇల్లంత ఉరుకుతుండు, దీన్ల పండడు. నీకిస్త. నీ మంచం ఎత్తెంత బేటా?”

జోసెఫ్ ప్రాణం లేచివచ్చింది. “మోకాలు కాడికి ఉంటది చాచా.”

“గది పట్టె ఎత్తు. మనిషి పట్టె మీద పండుకోదు గదా. తల్లి పండుకున్నంక నులక ఎంత దిగుతది?”

జోసెఫ్ వంగి తొట్టె చీల లాగి చూశాడు.

“తాడు ఎవరు బిగిస్తరు మీ ఇంట్ల?”

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, “ఎందుకట్ల అడుగుతున్నవ్ చాచా” అన్నాడు జోసెఫ్.

“ఎందుకంటే నులక మంచం అయితే నేను గిది ఇయ్య. ఇయ్యాల సమానం చేసి ఇస్త, సరే. వారం దినాలకు తాడు సడలుతది. తల్లి గుంతల ఉంటది, పిల్ల గడ్డ మీద ఉంటది. జారిందంటే సీదా తల్లి కిందికే. నేను నలభై ఏండ్ల సంది మంచాలు చేస్తున్న, నాకు తెల్వదా.”

“తల్లి తెలివితోని పండుకుంటే?” అన్నాడు జోసెఫ్. “అయినా జారుతదా?”

“అరె, పిల్లను కన్నది, ఒళ్ళు పచ్చిగున్నది, దానికి తెలివెక్కడిది? ఎంత మేలుకున్నా గుంత గుంతే. దాన్ల తల్లి తప్పేముంటది బేటా. తాడు బిగియ్యనోనిది తప్పు.”

బాబా మియా ఎవరినీ ఉద్దేశించి అనలేదు. అంటూనే కటకటాల దుమ్ము తుడుస్తున్నాడు. జోసెఫ్ మాత్రం పక్కనున్న దుంగ మీద కూలబడ్డాడు. రెండేళ్ళ కింద ఈ ముసలాయన తమ వాకిట్లో ఉండి ఈ మాట అని ఉంటే ఎంత బాగుండేది అనుకున్నాడు. తనే అనవలసిన మాట అది అని మాత్రం ఇంకా అనుకోలేదు చూడండి. మనిషి బుద్ధి అంతే.

పైగా అతని బుర్రలో ఇంకో ఉపాయం మెరిసింది. “అయితే చెక్కమంచం గూడ ఇయ్యి చాచా. నులకది పీకి పారేస్త.” మంచం మారుతుంది, తొట్టె దొరికింది, పిల్ల ఇంటికి వస్తుంది. పాత సంగతి ఎవరికీ చెప్పే పని లేదు. అనుకున్నకొద్దీ గుండె తేలికపడింది. చెక్కమంచం రేపు పొద్దున చిన్నకోడూరుకు పంపేటట్టు మాట్లాడుకుని, తొట్టె ఆటోలో వేసుకుని, పడిపోకుండా రెండు చేతులా పట్టుకుని దవాఖానకు వచ్చాడు.

మధ్యాహ్నం మూడయింది. బాలింతల వార్డులో తొట్టె దించగానే చుట్టుపక్కల మంచాల మీదున్న ఆడవాళ్ళందరూ లేచి చూశారు. జోసెఫ్ చీలలు మార్చి, స్వర్ణ ఇనుప మంచానికి ఆనించి, పరుపు సరిచేశాడు. వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయింది. కిష్టవ్వ మురిసిపోయి పిల్లను అందులో పడుకోబెట్టింది. పిల్ల ఒకసారి పిడికిలి విప్పి, మూసి, నిద్రపోయింది.

“చూసినవానే, ఎంత మంచిగున్నదో” అంది భవాని చెల్లెలితో. ఆమె కళ్ళు తడిసి ఉన్నాయి. తన ఇద్దరు పిల్లలకు తోడు మూడో పిల్లను పెంచడానికి ఒప్పుకున్న మనిషి, పెంచే పని తప్పుతున్నందుకు దేవుడికి దండం పెట్టుకుంటోంది.

స్వర్ణ తొట్టె వైపు చూసింది. కళ్ళ కింద చర్మం నల్లబడి, పెదవులు ఎండి, నాలుగు రోజుల్లోనే నలభై ఏళ్ళదానిలా ఉంది. మెల్లగా ఒరిగి, చెయ్యి చాపింది. వేళ్ళు పిల్ల ఛాతీ మీదికి చేరాయి. గభాలున వెనక్కి లాక్కుంది.

“అందుతున్నది” అంది.

“అందాలనే గదా” అంది భవాని.

“చెయ్యి అందుతే మనిషి గూడ అందుతది అక్కా. నిద్రల నేనేడికి దొర్లుతనో నాకు తెల్వది. ఎంత దూరం ఉన్నది గిది? ఏం అడ్డమున్నది?” స్వర్ణ గొంతు వణకలేదు. అందుకే భయం వేసింది అందరికీ. “బొమ్మల చూసి ఏమో అనుకున్న. వద్దు. పిల్లను నీతోనే తీస్కపో.”

ఆ తొట్టె గొప్పతనమే అది, తల్లి చెయ్యి చాపితే పిల్ల అందడం. స్వర్ణకు ఆ అందడమే మృత్యువు.

జోసెఫ్ మంచం పట్టె పట్టుకున్నాడు. “మంచం గూడ మారుస్తున్న. చెక్కది చెప్పి వచ్చిన. నులకది ఇగ ఉండది.”

“మంచం ఎందుకు మార్చుడు” అంది స్వర్ణ. నాలుగు రోజుల తరువాత మొదటిసారి అతని ముఖంలోకి చూసింది. అందులో కోపం లేదు, జాలి ఉంది. “మస్తు తిరిగినవ్ పొద్దటి సంది. నీ తప్పేం లేదు. అప్పుడు గూడ నువ్వు తాడు బిగించే పెట్టినవ్. మంచం మంచిగున్నప్పుడే నేను పిల్లను చంపుకున్న. నా నిద్రనే పాపిష్టి నిద్ర. దానికి ఏ మంచం ఏం చేస్తది.”

భవాని కళ్ళు తుడుచుకుని సంచి తెరిచి, పిల్ల బట్టలు ఒక్కొక్కటే మడత పెట్టడం మొదలుపెట్టింది. కిష్టవ్వ తొట్టెలోంచి పిల్లను ఎత్తుకుంది. జోసెఫ్ ఆ చిన్న టోపీ సంచిలోకి పోవడం చూశాడు. ఇంకో నిమిషం ఊరుకుంటే సంచి నిండుతుంది. రెండేళ్ళు ఊరుకున్నవాడికి ఒక నిమిషం ఎంత. కానీ భార్య తనను చూసి జాలిపడటం మాత్రం అతను భరించలేకపోయాడు. తిట్టి ఉంటే మళ్ళీ నోరు మూసుకునేవాడేమో.

“తాడు బిగించలే” అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు.

“పిల్ల పోయేదాక బిగించలే నేను. పిల్ల పోయినంక బిగించిన. మీరందరు వాకిట్ల ఏడుస్తుంటే లోపల కూసొని బిగించిన. అవ్వా, నువ్వు చెయ్యి పెట్టి చూస్తివి. డోలు లెక్కున్నదంటివి గదా, అప్పుడే బిగించిన. అంతకుముందు జానెడు గుంతుండె. స్వర్ణ చెప్పింది నాకు. రేపు రేపు అన్న. పిల్ల గుంతలకు జారింది. స్వర్ణ నిద్రది ఏం తప్పు లేదు. నాది తప్పు.”

చెబుతూ చెబుతూ నేల మీద కూర్చుండిపోయాడు. చెట్టంత మనిషి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. పక్క మంచాల వాళ్ళు చూడలేక ముఖాలు తిప్పుకున్నారు. భవాని చేతిలో గౌను అలాగే ఉండిపోయింది.

స్వర్ణ నేల మీదున్న అతని వైపు తిరిగింది.

“ఎన్నిసార్లు చెప్పిన నీకు?” అంది.

“మూడుసార్లు.”

“నాలుగు. అమాస నాడు గూడ చెప్పిన. నువ్వు అన్నం తింటున్నవ్.” ఆమె గొంతు ఇప్పుడు వణికింది. “రెండేండ్లు. పక్క మీద పడుకుంటే నా ఒళ్ళు నాకే అసహ్యమయ్యేది. నా చేతులు చూసుకుంటే భయమయ్యేది. నీ పక్కలనే ఏడ్చిన. నువ్వు వీపు నిమిరినవ్. నిమురుకుంట గూడ చెప్పకపోతివి.”

“ఊకో బిడ్డా” అంది కిష్టవ్వ. ఎవరిని ఊకోమందో, కొడుకునో కోడలినో, ఆమెకే తెలియదు. “అయ్యిందేదో అయ్యింది. వాడు గూడ కావాలని చేసిండా.”

“అత్తమ్మా, పిల్లను ఇటియ్యి.”

కిష్టవ్వ మారు మాట్లాడకుండా ఇచ్చింది. స్వర్ణ కుట్లు పట్టుకుని మెల్లగా కిందికి జారి, నాలుగు రోజుల్లో మొదటిసారి వెన్ను మంచానికి ఆనించింది. ఒక పక్కకు తిరిగి, పిల్లను రొమ్ముకు దగ్గరగా పెట్టుకుంది. పక్కనే ఉన్న తొట్టె వైపు చూడలేదు. పిల్ల వీపు మీద చెయ్యి వేసి, చెయ్యి కింద ఊపిరి ఆడుతుందో లేదో చూసుకుని, అలాగే ఉంచింది.

“అక్కా, రేపు నేను గూడ వస్త నీతోని. పిల్లా నేనూ. ఇది నాతోనే ఉంటది.”

భవాని తల ఊపి సంచి మూసింది.

జోసెఫ్ నేల మీది నుంచే అడిగాడు. “నేను రావొచ్చునా? ఎప్పుడన్న, ఒక్కసారి, పిల్లను చూడనీకె?”

స్వర్ణ కళ్ళు మూతలు పడుతున్నాయి. మాట మెల్లగా, ఒక్కొక్కటిగా వచ్చింది. “ఎల్లుండి ఆదివారం. మన చర్చిల లేచి నిలవడి సాక్ష్యం చెప్పు. గిప్పుడు గీడ చెప్పింది చెప్పినట్టే చెప్పు. నన్ను అన్నోళ్ళందరు ఆడనే ఉంటరు. పక్కింటోళ్ళుంటరు, ఆశావర్కరు ఉంటది. అందరు విన్నంక రా.”

వార్డులో ఎక్కడో ఒక పసిపిల్ల ఏడ్చి ఊరుకుంది. ఊరంతా ముందు కూర్చుని ఉండగా లేచి నిలబడే ఆ ఘడియ జోసెఫ్ కళ్ళకు కట్టింది. రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి లేచాడు.

“చెప్త” అన్నాడు.

స్వర్ణ వినలేదు. అప్పటికే నిద్రపోయింది.